బరువు పెరుగని బలము

రామచంద్రపురము చుట్టుపట్ల ధాన్యపు మిల్లుల ముంగిట, కోతలు ముగిసిన దినములలో, లారీమీదినుండి గోదాములోనికి 75 కిలోల బస్తాను వీపున వైచికొని వరుసగా సాగిపోవు జట్టు కూలీలను కొంతసేపు శ్రద్ధతో పరికించినవారికి ఒక వింత తోచకమానదు. వారిలో పెక్కురు బక్కపలుచని వారు. తాము మోయు బస్తాకంటె తామే తేలికయైన వారు. అంగడిలో చొక్కా కొనబోయిన చిన్న కొలతతోనే సరిపుచ్చుకొనువారు. అదే వీధిలో, వారికంటె పాతిక కిలోలు అధికముగా తూగు పెద్దమనిషి ఒకడు ఇంటికి తెచ్చుకొన్న పాతిక కిలోల బియ్యపు బస్తాను గడప దాటించుటకు ఇరుగుపొరుగువారిని కేకవేయుటయు మనమెఱుగని సంగతి కాదు. ఈ కూలీల దేహపాటవమును పొగడి ఊరకుండుట మాత్రము న్యాయము కాదు. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన సిఫారసు, వయోజనుడైన పురుషుడు చేతులతో మోయదగిన భారమునకు 55 కిలోలను హద్దుగా పేర్కొన్నది; మన బస్తా ఆ హద్దును ఇరువది కిలోలు మించినది. మోయలేక మానుకొన్న వారు, నడుము చెడి ఇంట కూర్చున్న వారు మన కంటబడరు గనుక, కంటబడినవారిని చూచి ఆ పని ఆరోగ్యకరమని భ్రమపడరాదు. అయినను ఒక ప్రశ్న మిగులును. ఆ బక్కదేహములో అంత బలము ఎక్కడ దాగియున్నది?

బలమనగా స్థూలకాయమే యను భావన మనలో చిరకాలమునుండి పాతుకొనియున్నది. వీరఘట్టమున పుట్టి, గత శతాబ్ది తొలినాళ్ళలో సర్కసు నడిపి, ఱొమ్ముపై ఏనుగును నిలిపికొని, ఇనుప గొలుసులను ఛాతీ పొంగించి త్రెంచి, కలియుగ భీముడని కీర్తింపబడిన కోడి రామమూర్తి నాయుడుగారి రూపమే నేటికిని తెలుగువాని మనస్సులో బలశాలికి నమూనా. ఆ నమూనా గొప్పదే. కాని దానివలన రెండు అపోహలు పుట్టినవి. వ్యాయామశాలలో అడుగిడినంతనే ఒడలు ఉబ్బి, చొక్కాలు పట్టక, బరువు పెరుగునను భయము మొదటిది. ఈ భయము స్త్రీలలో మరింత అధికము. పూటకు రెండు గంటలు వెచ్చింపలేనివానికి బలము దక్కదను నిరాశ రెండవది. దుకాణము మూసి రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరు వర్తకుడును, తెల్లవారి క్యారేజీలు సర్ది తరువాత తాను పాఠశాలకు పరుగెత్తు ఉపాధ్యాయినియు ఈ రెండు అపోహల నడుమ చిక్కుకొని, వ్యాయామమను మాటనే విడిచిపెట్టుచున్నారు. కాలము తక్కువగా నుండుటయు, బరువు పెరుగుట ఇచ్చగింపకుండుటయు బలసాధనకు అడ్డంకులు కావనియు, సరిగా గ్రహించినచో ఆ రెండును ఒకే పద్ధతిని సూచించుచున్నవనియు చెప్పుటకే ఈ వ్యాసము.

ఈ విషయమును తేల్చిచెప్పగల పరీక్షాస్థలము ఒకటి కలదు. అది బరువులెత్తు క్రీడ. ఆ క్రీడలో పోటీదారులను దేహభారమునుబట్టి తరగతులుగా విభజింతురు. నిర్ణీతమైన తూకమును కొలది గ్రాములు మించినను ఆ తరగతిలో స్థానముండదు. కాబట్టి అచట ఏండ్ల తరబడి చేయు సాధన అంతయు, తూకమును కదలనీయక బలమును పెంచుకొనుటయే. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస చెంతనున్న ఊసవానిపేట యువతి కరణం మల్లీశ్వరి 1994లోను 1995లోను వరుసగా ప్రపంచ విజేతయైనది 54 కిలోల తరగతిలో. నేడు మన పట్టణములలో బరువు తగ్గవలెనని ఉపవాసములుండు పెక్కుమంది స్త్రీలకంటె అది తక్కువ తూకము. విజయనగరము జిల్లా కొండవెలగాడ, బరువులెత్తు క్రీడాకారులకు పుట్టినిల్లని పేరొందిన పల్లె. అచటినుండి వచ్చిన మత్స సంతోషి 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడలలో 53 కిలోల తరగతిలో పతకము గెలిచినది. ఆమె తలపైకి ఎత్తిన భారము తన దేహభారమునకు దాదాపు రెండింతలు. మణిపురమునకు చెందిన మీరాబాయి చానూ 49 కిలోల తరగతిలో 2021 ఏప్రిలులో తాష్కెంటున 119 కిలోలెత్తినది. వీరిలో ఎవ్వరును వీధిలో నడచిపోవుచుండగా మల్లులని మనము గుర్తింపజాలము. మల్లీశ్వరి తరువాత తరగతి మార్చుకొని, 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 69 కిలోల తరగతిలో మొత్తము 240 కిలోలెత్తి కాంస్యము నందినది. దేహమును పెంచి బలమును పెంచుకొను రెండవ మార్గమును గూడ ఆమెయే చూపినదన్నమాట. ఆ మార్గము తప్పు కాదు. అయితే అది వేఱొక మార్గము.

రెండు మార్గములకును గల తారతమ్యమును ఒక లెక్క తేటపఱచును. 1956లో ‘సైన్స్’ పత్రికలో లీట్స్కీ అను పరిశోధకుడు, ఆయా తరగతులలోని ప్రపంచ శ్రేష్ఠుల ఫలితములను పోల్చి, దేహభారము పెరిగినకొలది ఎత్తగల భారము పెరుగును గాని అదే పాళ్ళలో పెరుగదనియు, కండరము బలము దాని అడ్డుకోత వైశాల్యమునుబట్టియు భారము దాని ఘనపరిమాణమునుబట్టియు నుండుటయే దీనికి కారణమనియు చూపెను. స్థూలముగా చెప్పవలెనన్న, దేహము నూటికి పదిపాళ్ళు పెరిగిన బలము ఆరేడు పాళ్ళు మాత్రమే పెరుగును. గోనెను ఎత్తవలసినవానికి ఆ ఆరేడు పాళ్ళును లాభమే. తన దేహమును తానే ఎత్తుకొనవలసినవానికి, అనగా కొబ్బరిచెట్టెక్కు దింపు కార్మికునకు, మెట్లెక్కు ముసలమ్మకు, కమ్మి పట్టుకొని పైకి లేవవలసిన యువకునకు అది నష్టము. కోనసీమలో బొద్దుగానుండు దింపు కార్మికుని కన్నవారు అరుదు.

ఇక కండ పెరుగకయే బలమెట్లు పెరుగునో విచారింతము. దీనికి సమాధానము కండలో గాక నాడులలో దొరకుచున్నది. వెన్నుపాములోనుండి బయలువెడలు ఒక్కొక్క చాలకనాడి కొన్ని కండరతంతువులను తన అధీనమున నుంచుకొనును. కొన్నిటి అధీనమున పదుల సంఖ్యలోను, కొన్నిటి అధీనమున వేల సంఖ్యలోను తంతువులుండును. నాడియు దాని తంతువులును కలసి మిల్లులోని ఒక జట్టు వంటివి: చిల్లర సరకు వచ్చినప్పుడు గుమాస్తా చిన్న జట్టును మాత్రమే పిలుచును, పెద్ద జట్టును అసలు నిద్రలేపడు, నిండు లారీ వచ్చి నిలిచినప్పుడే అందఱికిని పిలుపు. 1957లో హెన్నెమన్ అను శాస్త్రజ్ఞుడు పిల్లుల నాడులపై పరిశోధించి ఈ క్రమమును కనుగొనెను. చిన్న నాడులు ముందు, పెద్దవి తరువాత, ఆ వరుస తప్పదు. కాఫీ గ్లాసు ఎత్తునపుడును నూరు అడుగులు నడచునపుడును మనలోని పెద్ద జట్లు నిద్రించుచునే యుండును. బల్లయొద్ద కూర్చుండి జీవితము గడుపువానికి ఏండ్లకొలది వాటికి పిలుపే రాదు. అట్టివాడు తనకు బలము లేదనుకొనును. నిజమునకు బలము కలదు, దానిని పిలుచు అభ్యాసము లేదు.

బరువైన పనిని పలుమారులు చేసినవానిలో మూడు మార్పులు కలుగును. పెద్ద జట్లు త్వరగా పిలుపునందుకొనును. ఒక్కొక్క నాడి తన తంతువులకు పంపు ఆజ్ఞలు దట్టముగా వెలువడును. అన్నిటికంటె విశేషమేమనగా, పని చేయు కండరమునకు ఎదురుగానుండి వృథాగా బిగిసికొనుచు దానిని వెనుకకు లాగు కండరములు సడలుట నేర్చును. క్రొత్తగా బస్తానెత్తువాడు ఒడలంతయు బిగబట్టి పండ్లు కొఱుకును. అనుభవజ్ఞుడు బిగింపవలసినదానినే బిగించును.

ఈ మాట నమ్మని వారికి ఒక శతాబ్దమునకు పైబడిన నిదర్శనమున్నది. 1894లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున స్క్రిప్చర్ అను ఆచార్యుడు తన సహచరులతో కలసి, ఒక చేతితో మాత్రమే పిడికిలి బిగించు అభ్యాసము చేయించి చూడగా, అభ్యసించిన చేతితోపాటు ఏ పనియు చేయక ఊరకయున్న రెండవ చేయి సయితము బలపడెను. రెండవ చేతికి కండ పట్టుటకు హేతువు లేదు. అది పొందినది నాడుల పాఠము మాత్రమే. నేటి వైద్యులు ఒక చేయి విఱిగి కట్టులోనున్నవానికి రెండవ చేతితో వ్యాయామము చేయించుట ఈ సూత్రమును ఆధారము చేసికొనియే. 1961లో ఇకాయి, స్టైన్‌హౌస్ అనువారు మరింత చమత్కారమైన పరీక్ష చేసిరి. మోచేతిని నిమిషమునకొకమారు శక్తికొలది ముడువుమని చెప్పి, మనిషి వెనుక నిలిచి ఉన్నట్టుండి తుపాకి పేల్చిరి. వెంటనే చేసిన ప్రయత్నములో బలము సుమారు 7 పాళ్ళు హెచ్చెను. ముడుచునపుడు తానే బిగ్గరగా అఱచిన, సుమారు 12 పాళ్ళు. క్షణములో కండ పెరుగదు గదా; నాడీమండలము దాచియుంచిన బలమును ఆ చప్పుడు బయటికి లాగినది. మన కూలీలు బరువెత్తునపుడు వేయు ‘హైలెస్సా’ కేకలలోని మర్మమును ప్రయోగశాల తెలిసికొనుటకు ఇంతకాలము పట్టినది!

మొరిటాని, డివ్రీస్ అనువారు 1979లో ఎనిమిది వారముల శిక్షణను పరిశీలించి, తొలి మూడు నుండి ఐదు వారములలో పెరిగిన బలములో అధికభాగము నాడుల వలననే వచ్చుననియు, కండ పెరుగుదల ఆ పిమ్మట క్రమముగా ప్రాధాన్యమునకు వచ్చుననియు తెలిపిరి. మనకు కావలసినది ఆ మొదటి లాభమును ఎంతకాలము వీలైన అంతకాలము పిండుకొనుటయు, రెండవదానికి కావలసిన మిగులు ఆహారమును సమకూర్పకుండుటయు.

ఈ విషయమున నాకు తెలిసిన ప్రయోగములలో మిక్కిలి సూటియైనది నార్వే దేశమునకు చెందినది. 2008లో ప్రకటింపబడిన ఆ పరిశోధనలో, దూరపు పరుగులలో ఆరితేరిన 17 మందిని రెండు వర్గములుగా విడదీసి, ఒక వర్గముచే యథాప్రకారము పరుగులు మాత్రమే పెట్టించి, రెండవ వర్గముచే పరుగులతోపాటు వారమునకు మూడు దినములు భుజములపై బార్‌బెల్ పెట్టుకొని సగము కూర్చుండి లేచు బస్కీలు చేయించిరి. ఎన్ని బస్కీలనుకొందురు? ఒక మారునకు నాలుగు. అట్లు నాలుగు మారులు. అనగా ఒక దినమునకు పదునాఱు మాత్రమే. కాని భారము సామాన్యమైనది కాదు. నాలుగింటికి మించి ఐదవది లేవలేనంత. ఎనిమిది వారములు గడచునప్పటికి వారి బలము మూడవవంతు హెచ్చినది. అదే వేగమున పరుగెత్తుటకు పట్టు ప్రాణవాయువు 5 పాళ్ళు తగ్గినది. అలసి ఆగిపోవులోపల పరుగెత్తగల కాలము 21 పాళ్ళు పెరిగినది. దేహభారము మాత్రము మారలేదు. మారునకు మారునకు నడుమ మూడు నిమిషముల విశ్రాంతి చేర్చి లెక్కించినను ఈ సాధనకు దినమునకు పదునైదిరువది నిమిషములకంటె పట్టదు.

దీనిని మన వ్యాయామశాలలలో సామాన్యముగా జరుగుదానితో పోల్చి చూడుడు. యువకుడు తేలికయైన డంబెల్‌ను చేతబట్టి, పండ్రెండు, పదునైదు, ఇరువది అని లెక్కించుచు, కండ మండి చేయి వణకువఱకు లాగి, నిమిషమైనను ఆగక మరల మొదలిడును. అట్లు గంటన్నర చేసి, కండలు ఉబ్బినట్లు అద్దములో చూచుకొని సంతోషించును. అది కండ పెంచు పద్ధతి. దాని గమ్యమునకు అది తగినదే. బరువు పెరుగక బలము కోరువానికి దానితో పని లేదు. ఇతడు చేయవలసినది దీనికి విపర్యయము: భారము హెచ్చు, లెక్క తక్కువ, విశ్రాంతి దీర్ఘము. తన శక్తిలో నూటికి ఎనుబదియైదు పాళ్ళో అంతకు కొంచెము మించియో ఉండు భారమును మూడు నుండి ఐదు మారులు ఎత్తి, ఇంకొకటి రెండు ఎత్తగల శక్తి మిగిలియుండగానే దించివేసి, మూడు నిమిషములు నిష్కర్షగా ఊరకుండవలెను. ఊరకుండుట సోమరితనమని మనవారికి తోచును. నాడులు అలసియున్నపుడు నేర్చుకొను పాఠము అలసట పాఠమేయని మాత్రము మఱువరాదు.

అమలాపురమున దసరా యుత్సవములలో ప్రదర్శించు చెడీ తాలింఖానా కత్తిసాములను, కఱ్ఱసాములను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. ఆ విద్యలో ఆరితేరిన మధ్యవయస్కులు నిలువెత్తు కఱ్ఱను గాలిలో త్రిప్పుచుండగా వారి భుజములు చూచిన, అందు పొంగిపొరలు కండలేవియు కానరావు. గురువు శిష్యునకు ఒకే దెబ్బను, ఒకే అడుగును, తప్పు లేకుండునంతవఱకు నేర్పించి, అలసినవానిని ప్రక్కకు పంపును. బలమును గూడ అట్లే విద్యవలె అభ్యసింపవలెను. తాలింఖానాలు, సాముగరిడీలు వర్ధిల్లిన నాటి పెద్దలకిది తెలియును. వ్యాయామమును చెమటతో కొలుచు అలవాటు మనకు తరువాత వచ్చినది.

వ్యాయామశాల లేనివాడేమి చేయును? వాని కిది అవరోధము కాదు. దేహమునే భారముగా వాడుకొనవచ్చును. కష్టము పెంచుటకు లెక్కను గాక భంగిమను మార్చవలెను. ఇరువది దండీలు అవలీలగా తీయువాడు ముప్పదింటికి పోనక్కఱలేదు. పాదములను అరుగుమీద నిడి తీయవలెను, పిమ్మట భారమును క్రమముగా ఒక చేతిమీదికి ఒరగించుట నేర్వవలెను. రెండు కాళ్ళ బస్కీలు నూఱు తీయుటకంటె, గుమ్మము పట్టుకొని ఒంటికాలిపై మెల్లగా దిగి లేచుట మూడు మారులు చేయుట మేలు. పాతిక కిలోల బియ్యపు బస్తాను నడుము వంపక మోకాళ్ళు వంచి నేలనుండి లేపి, ఱొమ్మునకానించి ఇరువదడుగులు నడచి దింపుట సర్వాంగములకును పని చెప్పును. నెట్టుట, లాగుట, కూర్చుండి లేచుట, నేలనుండి ఎత్తుట: ఈ నాలుగు చాలును. వారమునకు మూడు దినములు, అరగంట చొప్పున. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనలలో కండరబలమును పెంచు వ్యాయామమును వారమునకు కనీసము రెండు దినములు చేయవలెనని మాత్రమే యున్నది. ఆ మాత్రము కూడ కుదరనివారికి 1953లో జర్మనీలోని డార్ట్‌మండ్ నగర పరిశోధకులు హెట్టింగర్, ముల్లర్ చూపిన ఉపాయమొకటి కలదు. కదలని వస్తువును తన శక్తిలో మూడింట రెండు వంతులతో ఆరు సెకండ్లు నెట్టిన చాలుననిరి. వారు చెప్పినంత లాభము తరువాతివారికి కనబడలేదు. నెట్టిన కోణమున వచ్చిన బలము ఇతర కోణములకు అంతగా ప్రాకదు గూడ. ఏమియు లేనిదానికంటె అదియును నయమే.

ఈ పద్ధతితో తక్షణ ప్రయోజనము గల యువకులు మనలో వేలమంది కలరు. సైన్యములో చేరగోరి ఉదయము నాలుగింటికే కాలేజీ మైదానములలోను కాలువగట్లమీదను పరుగులు పెట్టు కుఱ్ఱవాండ్రను గోదావరి జిల్లాలలో చూడనివారు లేరు. నియామకపు పరీక్షలో 1.6 కిలోమీటర్ల పరుగు తరువాత కమ్మి పట్టుకొని గడ్డము పైకి వచ్చునట్లు లేవవలెను. దీనిని వారు ‘బీమ్’ అందురు. పది లేచినవానికి పూర్తి 40 మార్కులు. ఆఱు లేచినవానికి 16 మాత్రమే. ఇచట ప్రతి కిలోయు పైకి మోయవలసిన భారమే గనుక బరువు పెరిగిన పరుగునకును బీమ్‌నకును ఏకకాలమున చేటు. అయినను వీరిలో పెక్కురు దినమున కొక్కమారు కమ్మి పట్టి, చేతులు జాఱువఱకు వ్రేలాడి, నాలుగవదానివద్దనే ఆగిపోయి, మరునాడును నాలుగవదానివద్దనే ఆగిపోదురు. ఆఱు లేవగలవాడు ఒక్కొక్క మారు మూడు మాత్రమే లేచి, దినములో నాలుగైదు మారులు, గంటల యెడముతో కమ్మిని చేరవలెను. ఒక్కటియు లేవలేనివాడు బల్ల సాయముతో పైకి చేరి, ఐదారు సెకండ్లు పట్టునట్లు మెల్లగా దిగుట నభ్యసింపవలెను. కండరము లేపగలదానికంటె అధికభారమును దింపగలదు గనుక, దిగుటలోనే లేచుటకు కావలసిన పాఠమున్నది.

తిండి విషయమునకు వత్తము. వ్యాయామము బరువును పెంచదు, తిండి పెంచును. ఇంత సామాన్యమైన సత్యమును మఱచుటచేతనే చిక్కులన్నియు. పైన చెప్పిన అరగంట సాధనలో, అందులో సగము విశ్రాంతియే గనుక, ఖర్చగు శక్తి నూఱు, నూటయేబది కెలోరీలకు మించదు. తాపేశ్వరపు కాజా ఒకటి దానిని వడ్డీతో తిరిగి యిచ్చును. వ్యాయామము చేసితిని గదాయని పూటకొక గరిటె అన్నము అదనముగా వడ్డించుకొనువాడు, వ్యాయామము వలన లావైతినని తరువాత వాపోవును. కిలో క్రొవ్వులో సుమారు 7,700 కెలోరీలుండును. దినమునకు నూఱు కెలోరీల మిగులు ఏడాదికి లెక్కప్రకారము నాలుగైదు కిలోలగును, దేహము తనను తాను సర్దుకొనుటచేత ఆచరణలో కొంత తగ్గును. కావున చేయవలసినది ఇంతే: ఇదివఱకు తినుచున్నదానినే తినుట, అందులో మాంసకృత్తుల పాలు సరిగా నున్నదో లేదో చూచుకొనుట.

పోషకాహార విషయమున మన జిల్లాలకొక పాతకథ గలదు. మరబియ్యమునకు అలవాటుపడిన ఉత్తర సర్కారులలో బెరిబెరి వ్యాధి తఱచుగా కనబడుటయే పోషకాహార పరిశోధనకు ఒక ప్రేరణయైనది. 1918లో కూనూరున మెకారిసన్ అను దొర ఒక చిన్న గదిలో ప్రారంభించిన బెరిబెరి విచారణయే క్రమముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థయైనది. ఆ సంస్థ 2020లో స్థిరపఱచిన లెక్క ప్రకారము ఆరోగ్యవంతునకు కిలో దేహభారమునకు దినమునకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావలెను. అనగా అఱువది కిలోల మనిషికి ఏబది గ్రాములు. బలసాధన చేయువారు దీనికంటె కొంత అధికముగా తీసికొనిన మంచిదే. దానికై డబ్బాలలోని పొడులు కొననక్కఱలేదు. 2024లో అదే సంస్థ వెలువరించిన ఆహార సూచనలు కండ పెంచుటకై పొడులు వాడవలదనియే హెచ్చరించినవి. పప్పు, పెరుగు, చేప, అనపర్తి ప్రాంతమున లక్షలుగా నుత్పత్తియగు కోడిగ్రుడ్డు ఇంటనే యున్నవి. గ్రుడ్డొకటి ఆఱు గ్రాములిచ్చును. మన భోజనములో లోపము మాంసకృత్తుల కొఱతకంటె అన్నపు కుప్ప. ఆ కుప్పను ఒక గరిటె తగ్గించి పప్పును ఒక గరిటె పెంచిన, తూకము కదలదు, కండరమునకు కావలసినదియు అందును.

మొదటి రెండు వారములలో తూకపుయంత్రము కిలో, కిలోన్నర అధికముగా చూపిన బెదరనక్కఱలేదు. పని హెచ్చిన కండరములు పిండిపదార్థమును గ్లైకోజెన్ రూపమున దాచుకొనును. దానిలో ప్రతి గ్రాముతోపాటు సుమారు మూడు గ్రాముల నీరును నిలుచును. అది క్రొవ్వు కాదు, కండయు కాదు. నెల గడచిన పిమ్మట ఉదయమున, ఒకే వేళ తూచిన తూకములను పోల్చి చూడవలెను.

ఒక హెచ్చరిక మాత్రము గట్టిగా చేయవలసియున్నది. భారమైన పనిలో ఊపిరి బిగబట్టుట సహజము. అప్పుడు రక్తపుపోటు ఊహింపరానంత పైకి పోవును. 1985లో కెనడా పరిశోధకులు, రెండు కాళ్ళతో గరిష్ఠభారమును నెట్టుచున్న ఐదుగురు వ్యాయామశీలుర ధమనులలో నేరుగా కొలువగా, సగటున 320/250 వఱకు పోయెను. ఆరోగ్యవంతుడైన యువకునకు అది క్షణికమైన పోటు. పోటు వ్యాధి గలవానికిని గుండెజబ్బు గలవానికిని, కంటిలో శస్త్రచికిత్స జరిగినవానికిని అది ఆపద. వారు వైద్యుని అడిగి, తేలిక భారముతో, ఎత్తునపుడు ఊపిరి వదలుచు సాధన చేయవలెను. స్నాయుబంధములు కండరములకంటె మందగతిని గట్టిపడునుగనుక, మిగిలినవారు సయితము తొలి నెల భారమునకు తొందరపడక, భంగిమను సరిదిద్దుకొనుటకే కేటాయింపవలెను.

పెండ్లిండ్లు, కోతలు, పరీక్షలు వచ్చి నెలలతరబడి తీరిక చిక్కని వారు సాధన భగ్నమైనదని విడిచిపెట్టుట మన అలవాటు. అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయమున 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, పదునాఱు వారములు వారమునకు మూడు దినములు శిక్షణ పొందినవారిని విడదీసి, ఒక వర్గముచే వారమునకొక్క దినము పూర్వపు పనియు, మఱియొక వర్గముచే ఆ ఒక్క దినమున సయితము మూడింట ఒక వంతు పనియు మాత్రమే చేయించి ముప్పదిరెండు వారములు గమనింపగా, సంపాదించిన బలములో అధికభాగము వారిలో నిలిచియే యుండెను; అఱువది దాటినవారిలో కండ పరిమాణము నిలుచుటకు మాత్రము ఆ పని చాలలేదు. కాబట్టి తీరికలేని నెలలలో ఆదివారము ఉదయము ఇరువది నిమిషములు, ఒక్కొక్క కదలిక ఒకటి రెండు మారులు, భారము తగ్గింపక లెక్క మాత్రమే తగ్గించి చేసికొనిన చాలును. అఱువది దాటినవారు దానికి బుధవారమును గూడ కలుపుకొనవలెను.